పొట్టు నిండిన గిన్నె

ధ్యానవాక్యములు: ఆదికాండము 1:30, 6:21



గత వేసవిలో ఒక సాయంకాలమున విజయవాడ పటమటలో ఒక గృహమున ప్రార్థన జరుపుటకు మేము వెళ్లితిమి. ఆ కుటుంబము మా యూరివారే. కొడుకు పని నిమిత్తము పటమట చేరగా, తల్లియు, కోడలును, మనుమడును వెంట వచ్చి మిద్దెమీది రెండు గదులలో కాపురముండిరి. కీర్తన పాడి, వాక్యము చదివి, ప్రార్థనాంశములు ఏమైన నున్నవా యని అడిగితిమి. కొడుకు పనిని గూర్చియు, కోడలి ఆరోగ్యమును గూర్చియు ఆ తల్లి చెప్పెను. అప్పుడు మూడవ తరగతి చదువుచున్న మనుమడు లేచి, "అయ్యగారూ, మా చిట్టికి బాగాలేదు. దానికి కూడా ప్రార్థన చేయండి" అనెను. చిట్టి యెవరని అడుగగా వరండాలో వ్రేలాడుచున్న పంజరమును చూపెను.

అందులో రెండు చిన్నపిట్టలు. ఒకటి పచ్చనిది, మరియొకటి నీలివన్నెది. మన ప్రాంతమున వీటిని లవ్ బర్డ్స్ అనుచున్నారు గాని ఆ పేరుగల పక్షి వేరు. దాని తోక పొట్టి, దేహము బొద్దు. వీటి సరియైన పేరు బడ్జరిగర్. దుకాణమువారు బడ్జీ యందురు. ఆస్ట్రేలియా దేశపు ఎండుభూములు వీటి జన్మస్థానము. వాన కురిసి గడ్డి గింజపట్టిన చోటికి గుంపులు గుంపులుగా ఎగిరిపోవుట వీటి స్వభావము. 1840లో జాన్ గూల్డ్ అను పక్షిశాస్త్రజ్ఞుడు వీటిని ప్రాణముతో ఇంగ్లండునకు తెచ్చెను. తరువాత ఇవి లోకమంతట ఇండ్లలోనికి వచ్చినవి. అడవిలో నున్నవి పచ్చనివే. నీలము, తెలుపు మొదలగునవి మనుష్యులు పెంచుటలో నిలిచిన వన్నెలు. ముప్పది నలుబది గ్రాముల బరువుగల ప్రాణి. మన పిడికిలిలో ఇమిడిపోవును.

నీలిపిట్ట ఈకలు ఉబ్బించుకొని, కన్నులు సగము మూసికొని, ఒక మూలకు ఒదిగియుండెను. "తిండి పెట్టుచున్నారా అమ్మా?" అని అడిగితిమి. "ఎందుకు పెట్టమండీ? గిన్నె నిండా కొర్రలున్నాయి చూడండి. నిన్న పోసినవి అలాగే ఉన్నాయి. అదే తినటం లేదు" అని ఆ తల్లి చెప్పెను. మేము గిన్నెను వెలుపలికి తీసి మెల్లగా ఊదితిమి. పైనున్నదంతయు పొట్టు. అది ఎగిరి వరండా అంతట పడెను. అడుగున పట్టుమని పది గింజలు లేవు.

ఈ పక్షి గింజను ముక్కుతో ఒలిచి, లోపలి పప్పును తిని, పొట్టును ఆ గిన్నెలోనే విడిచివేయును. పైనుండి చూచువానికి గిన్నె నిండుగానే కనబడును. యజమానుడు దినదినము చూచి తృప్తిపడును. లోపలనున్న ప్రాణి ఆకలితో నుండును.

ఈ సంగతి మాకు చదువుచేత తెలియలేదు, మా తప్పిదముచేత తెలిసెను. కొన్ని సంవత్సరముల క్రిందట మా కుమార్తె ఇట్టి పిట్టనే ఒకదానిని తెచ్చుకొనెను. పాదిరిబంగళా వరండాలోనే దాని పంజరము. ప్రతి ఉదయము మేమే గిన్నె చూచి, నిండుగా నున్నదని తలంచి, మా పనిమీద పోవుచుంటిమి. ఒక శనివారమున ఆ వరండాలోనే కూర్చుండి మత్తయి సువార్త 6:26 మీద ఆదివారపు ప్రసంగము వ్రాసికొంటిమి. విత్తని, కోయని, కొట్లలో కూర్చుకొనని ఆకాశపక్షులను పరలోకపు తండ్రి పోషించుచున్నాడని ప్రభువు చెప్పిన మాట అది. ఆదివారమున బాగుగానే ప్రసంగించితిమి. పెద్దలు మెచ్చుకొనిరి కూడ. ఆరాధన ముగించి ఇంటికి వచ్చునప్పటికి పిట్ట పంజరపు అడుగున పడియుండెను. గిన్నె నిండుగా నుండెను. అమ్మగారు దానిని పెరటిలో గుమ్మరింపగా గాలికి అంతయు లేచిపోయెను.

మా కుమార్తె మా ముఖము చూచి, "నాన్నగారూ, పక్షుల్ని దేవుడు పోషిస్తాడని పొద్దున చెప్పారు కదా?" అని అడిగెను. ఆ దినమున మేమేమియు చెప్పలేకపోతిమి. అటుతరువాత చాలకాలము ఆ వాక్యముమీద ప్రసంగించుటకు మాకు నోరు రాలేదు.

ప్రియులారా, అప్పుడు మేము గమనింపని మాట ఒకటి ఆ వచనములోనే యున్నది. ప్రభువు చూపినవి ఆకాశపక్షులు. అవి తమకు కావలసినదానిని వెదకికొనుటకు దేవుడు వాటికి రెక్కలను, పొలమును, ఋతువును ఇచ్చెను. పంజరములోని పిట్టకు రెక్కలున్నను పొలము లేదు. తలుపు వేసినవాడు ఎవడో ఆ పొలమునకు బదులు నిలువవలెను. నోవహును చూడుడి. దేవుడు అతనితో జంతువులను, పక్షులను ఓడలోనికి చేర్చుమని మాత్రమే చెప్పి ఊరకుండలేదు. తినదగిన ప్రతివిధమైన ఆహారమును సమకూర్చుమనియు, అది నీకును వాటికిని కావలెననియు చెప్పెను. ఓడ తలుపు మూయబడిన పిమ్మట కాకి తన గింజను, పావురము తన గింజను వెదకికొనజాలవు గదా! ప్రతివిధమైన ఆహారము అన్న మాటను మేము ఎన్నిమారులు చదివి దాటిపోతిమో లెక్కలేదు. ఒక్కవిధమైన గింజ చాలునని ఆ వచనమున లేదు. ఆదియందు దేవుడు పక్షులకు ఆహారముగా నియమించినది పచ్చని మొక్క అని మొదటి అధ్యాయము చెప్పుచున్నది.

మన డెల్టా పల్లెలలో కోతలకాలమున వరికంకులను కుచ్చుగా అల్లి చూరునకు వ్రేలాడదీయుట పెద్దల వాడుక. పిచ్చుకలు వచ్చి గింజలు తినును. చూచుటకు ఇంపుగా నుండును. అయితే ఆ పిచ్చుక మన కంకితో జీవనమంతయు గడుపుట లేదు. నాలుగు గింజలు తిని పెరటిలోనికి పోవును. పురుగును ఏరును, లేతచిగురును కొరుకును, మట్టిలో పొరలును. మనము పెట్టినది కొంత, దేవుని తోట పెట్టినది మిగతాది. బడ్జీకి మనము కంకిని మాత్రమే ఇచ్చి తోటను మరచిపోవుచున్నాము.

పటమటలోని పిట్ట సంగతికి వత్తము. ప్రార్థన చేసితిమి; క్రొత్త గింజలు పోయించితిమి; మరునాడు పశువైద్యునియొద్దకు తీసికొనిపొమ్మని చెప్పితిమి. ప్రార్థన చేసినపిమ్మట వైద్యుడెందుకని కొందరు విశ్వాసులు అడుగుదురు గాని, మేము ఆ మతమువారము కాము. వైద్యుడు దాని నోరు, ముక్కు పరీక్షించి, ఆకలి ఒక్కటే కాదు, ఏడాదిగా వట్టి కొర్రలే తినుటచేత దేహము బలహీనమైనదని చెప్పెనట. గింజలలో ఎ విటమిను చాలదు, సున్నము చాలదు, అయొడిను చాలదు. ఎ విటమిను లోపించినయెడల నోటిలోని, ఊపిరి మార్గములోని పొరలు చెడి రోగము సులభముగా పట్టును. అయొడిను లేనియెడల మనుష్యులకువలెనే వీటికిని గొంతుగ్రంథి ఉబ్బును. పొద్దుతిరుగుడు గింజలను ప్రీతిగా తినును గాని వాటిలో కొవ్వు హెచ్చు, కాలేయము చెడును. కాబట్టి గింజతోపాటు ప్రతిదినము తాజా కూరగాయ కొంచెము పెట్టవలెనని వైద్యుని మాట. సున్నమునకై సముద్రపు నురుగు అని అంగళ్లలో అమ్ము తెల్లని బిళ్లను పంజరమునకు కట్టవలెను.

ఇది ధనవంతుల పని యని తలంపవద్దు. పటమటలో రైతు బజారు కలదు. ఈ రైతు బజార్లు 1999లో మన రాష్ట్రమున మొదలైనవి. పండించినవాడు తన కూరను తానే అమ్ముకొనును. అచ్చట ఒక కొత్తిమీర కట్ట కొనిన, ఇంటివారి చారునకు పోగా మిగిలిన రెండు రెమ్మలు ఈ పిట్టకు చాలును. మన పల్లెవారికి కొనుపనియు లేదు. దొడ్డిలో మునగచెట్టు, పాదునకు గుమ్మడి, మడిలో మెంతికూర ఉండనే యున్నవి. మునగాకు, కొత్తిమీర, మెంతికూర మంచివి. క్యారెట్ తురుము, పండుగుమ్మడి తురుము ఎ విటమినునకు మిక్కిలి మేలు. లేత మొక్కజొన్న గింజలు, బీరకాయ ముక్క పెట్టవచ్చును. తోటకూర, పాలకూర మంచివే గాని వాటిలోని పులుపుగుణము సున్నమును దేహమునకు పట్టనీయదు గనుక నిత్యము అవియే పెట్టక మార్చి మార్చి పెట్టవలెను. దోసకాయ నీరే గనుక కొంచెమే. కూర తినిన దినమున రెట్ట పలుచనగును, దానికి భయపడనక్కరలేదు.

పచ్చిమిరపకాయ పెట్టవచ్చునా యని ఒకరు నవ్వుచు అడిగిరి. పెట్టవచ్చును! మిరపలోని కారము మన నాలుకను కాల్చినట్లు పక్షుల నోటిని కాల్చదు. చిలుకలు మిరపతోటలలో పడి తినుట మన రైతులకు తెలియని సంగతి కాదు గదా.

పెట్టరానివి కలవు. అవకాడో అను వెన్నపండు ఈ పక్షులకు విషము. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, కాఫీ, ఉప్పువేసి వండిన కూర పెట్టరాదు. టమాటా, వంగ, బంగాళాదుంప మొక్కల ఆకులు పెట్టరాదు. అన్నిటికంటె మన డెల్టావారు జాగ్రత్తపడవలసినది మందు కొట్టిన కూర. నిన్న మందు కొట్టి నేడు కోసిన చిక్కుడు మనకే మేలు కాదు. ముప్పది గ్రాముల ప్రాణి ఎట్లు తట్టుకొనును? రెండు మూడు నీళ్లలో కడిగి పెట్టుడి. విజయవాడ ఎండలో తరిగిన కూర గంటలలోనే పాడగును గనుక రెండు గంటలకు మిగిలినదానిని తీసివేయవలెను. నీరు ప్రతిదినము మార్చవలెను.

అయితే అసలైన కష్టము కూర దొరకుటలో లేదు, తినిపించుటలో నున్నది. పుట్టినది మొదలు గింజ తప్ప మరొకటి ఎరుగని పిట్ట ఆకును చూచి బెదరును. గింజలు తీసివేసిన ఆకలికి అదే తినునని కొందరు చెప్పుదురు. అది ప్రమాదము. ఇంత చిన్న పక్షి ఒక్కదినము తినకున్నను ప్రాణము మీదికి వచ్చును. ఆకలిచేత లొంగదీయరాదు. (సంఘములో క్రొత్తగా చేరినవారియెడల కొందరు పెద్దలు ఈ పొరపాటునే చేయుదురు, దానిని మరియొక సంచికలో వ్రాయుదుము.) కొర్రలను నానబెట్టి మొలకెత్తించి పెట్టిన, అది గింజకును పచ్చికూరకును నడుమ మెట్టువంటిది. క్యారెట్ తురుమును గింజలలో కొంచెము కలుపవచ్చును. ఆకుకట్టను తడిపి, అది కూర్చుండు కొమ్మకు ప్రక్కనే వ్రేలాడదీయవచ్చును. ఇవి గుంపుగా బ్రదుకు పక్షులు గనుక తమ గుంపులోనివారు తినుట చూచి తినును. పంజరములోని పిట్టకు గుంపు ఎవరు? ఆ ఇంటివారే. దాని యెదుట మనము తినవలెను.

ఈ మాట వినగానే ఆ తల్లి పకపక నవ్వెను. "ఇంకెవరు తింటారండీ అయ్యగారూ! వీడు పప్పులో తోటకూర కనిపిస్తే ఏరి పక్కన పెడతాడు" అనెను. పిల్లవాడు తలవంచుకొనెను. మేము అతనికి ఏమియు చెప్పలేదు. ప్రక్కన కొత్తిమీర రెమ్మ తీసికొని పంజరము నెదుట నిలిచి మేమే నమిలితిమి. పచ్చనిపిట్ట తల ప్రక్కకు వంచి చూచెను. పిల్లవాడు కూడ చూచెను.

వీడుకొని వచ్చునప్పుడు పటమట వీథిలో నడచుచు, ఆనాడు మా కుమార్తెకు చెప్పలేని జవాబు మాకు తోచెను. దేవుడు పోషించును తల్లీ, ఆ పిట్టను పోషించుటకు ఆయన నీ తండ్రికి ఒక వరండాను, ఒక గిన్నెను అప్పగించెను, నీ తండ్రి గిన్నెలోనికి ఊదిచూడలేదు అని చెప్పవలసియుండెను. ఆమె ఇప్పుడు కాలేజీలో చదువుచున్నది. ఆ రాత్రి ఫోను చేసి చెప్పితిమి. కొంతసేపు పలుకలేదు. పిమ్మట, "ఆ పిల్లాడి పిట్ట తింటుందా నాన్నగారూ?" అని మాత్రము అడిగెను.

చిలుకలను గూర్చి ఒక మాట. తాటిమోడు తొర్రలనుండి రామచిలుక పిల్లలను దించి పంజరములో పెంచుట మన యూళ్లలో ఇంకను అక్కడక్కడ కలదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానిని నిషేధించియున్నది. బడ్జీ పరదేశపు పక్షి, తరతరములుగా పంజరములోనే పుట్టినది గనుక దానికి ఆ నిషేధము లేదు. దానిని విడిచిపెట్టుటయు దయ కాదు. మన కాకుల నడుమ, మన ఎండలో అది బ్రదుకజాలదు. తెచ్చుకొంటిమి గనుక పోషింపవలసినదే.

మూడు వారములకు పటమటనుండి ఆ తల్లి ఫోను చేసెను. మొదటి పది దినములు కొత్తిమీరను రెండు పిట్టలును ముట్టలేదట. తరువాత ఒక ఉదయమున పచ్చనిపిట్ట తడిసిన ఆకులలో దూరి స్నానము చేసి, ఆ తడిలోనే ఒక ఆకును కొరికెనట. రెండు దినములకు నీలిది దానిని చూచి తాను మొదలుపెట్టెను. ఇంకను బక్కగానే యున్నది, మందు నడచుచున్నది. అయితే ఈకలు అణగినవి, ఉదయమున కూయుచున్నది. "మరి మీ మనుమడు?" అని అడిగితిమి. "కొత్తిమీర ఒక్కటే తింటున్నాడండీ. తోటకూర ఇంకా ఏరేస్తూనే ఉన్నాడు" అని చెప్పుచుండగా పిల్లవాడు ఫోను లాగుకొనెను.

"అయ్యగారూ, గిన్నె రోజూ ఊదుతున్నాను."