హృదయఫలకముపై రూపము

చైత్రశుద్ధ నవమినాడు భద్రాద్రిలో సీతారామ కల్యాణమును దర్శించుటకై నలుదిక్కుల నుండి భక్తులు తరలివత్తురు. గోదావరిపై 1965లో వారధి ఏర్పడిన పిమ్మట అడవిపల్లెల వారికి ఆ యాత్ర సులభమైనది. ఛాయాచిత్రములు ఇంటింట లేని ఆ దినములలో, ఒక నవమికి చండ్రుగొండ నుండి ఒక కుటుంబము బయలుదేరెను. వృద్ధుడగు తండ్రి, కుమారుడు, కోడలు, మూడేండ్ల పాప. కొత్తగూడెము, పాల్వంచల మీదుగా బస్సులో వచ్చి, గోదావరిలో స్నానమాడి, కల్యాణము చూచి, అక్షతలు శిరమున దాల్చి, వారు ఆలయవీధిలోనికి దిగిరి.

వీధిప్రక్కన గొడుగు నీడలో ఒక చిత్రకారుడు కూర్చుండి, కోరినవారి ముఖములను పెన్సిలుతో గీసి ఇచ్చుచుండెను. కోడలు అచ్చట ఆగి, పాప బొమ్మ గీయింతుమని భర్తను అడిగెను.

"దేవుని చూడవచ్చిన చోట ఈ మోహమెందుకమ్మా? రాములవారి పటము కొనుక్కొని పోదాము" అని మామగారు పలికెను. ఆమె మారు పలుకలేదు, కదలనులేదు. పాపకు ముందు పుట్టిన బాలుడు రెండేండ్లు నిండకయే జ్వరముతో కన్నుమూసెను. వాని గురుతుగా ఇంట ఒక్క పటమును లేదు. అది తలపునకు రాగా వృద్ధుడును మిన్నకుండెను.

పాప కుదురుగా కూర్చుండలేదు. చిత్రకారుడు కసరుకొనక, జుట్టును, చెవిపోగులను, గౌను కుచ్చులను గీసి, కన్నులను మాత్రము విడిచిపెట్టెను. విగ్రహమునకు శిల్పి నేత్రములను కడపట తెరచును గదా! ఇంతలో ఆలయఘంట మ్రోగెను. పాప కన్నులు విప్పార్చి గోపురమువైపు చూచెను. ఆ క్షణముననే అతడు కన్నులు దిద్దెను. కాగితముపై పాప నవ్వినట్లుండెను.

అప్పుడు ఆ తల్లి మెల్లగా ఇట్లనెను: "అయ్యా, దీని అన్న కూడ ఇట్లే ఉండేవాడు. నుదురు కొంచెం వెడల్పు, గడ్డము మీద నొక్కు. వాని బొమ్మ గూడ గీసిపెట్టరా?"

చిత్రకారుడు కొంతతడవు మాటాడలేదు. పిదప, "గీయగలను తల్లీ. కాని చూడని బిడ్డను గీస్తే అది నా ఊహ అవుతుంది. ఆ కాగితాన్నే చూచి చూచి, మీ కన్నులలో ఉన్న అసలు ముఖాన్ని మీరు మరచిపోతారు. ఆ పాపము నాకు వద్దు" అనెను. చేతికి రానున్న పైకమును అతడట్లు వదలుకొనెను.

ఈ మాట ఆలోచింపదగినది. భవభూతి రచించిన ఉత్తరరామచరితమున ప్రథమాంకములో సీతారాములు తమ గతచరిత్రను చిత్రములలో చూతురు. వియోగఘట్టము కనబడగా జానకి భయపడును. ఇది చిత్రమే గదాయని రాముడు ఓదార్చును. అయినను పిదప ఎడబాటు తప్పలేదు. పటము వియోగమును ఆపజాలదు.

మరి రూపము నిలుచుట యెక్కడ? గోలకొండ చెరలో రామదాసుకు భద్రాద్రి కనబడలేదు, గుడిగంట వినబడలేదు. అయినను అచ్చటి గోడపై సీతారామలక్ష్మణులను, ఆంజనేయుని ఆయనయే చెక్కెనని భక్తులు నేటికిని చూపుదురు. ఎదుట లేని మూర్తిని గోడపై నిలుపుటకు ఆయనకు ఎవరి వర్ణనయు అక్కరలేకపోయెను. ఆ మూర్తి ముందుగనే ఆయన హృదయమున ప్రతిష్ఠితమై యుండెను.

పుత్రశోక మనగా నేమో ఆ భక్తుడు ఎరుగనివాడు కాడు. సంతర్పణ దినమున గంజిగుంటలో పడి ప్రాణము విడిచిన కుమారుని ముందుంచుకొని ఆయన వేడగా, రామానుగ్రహమున బాలుడు లేచెనని సంప్రదాయ కథ. ఎల్లరి బిడ్డలును అట్లు తిరిగి రారు. రానివారిని తలచు తల్లిని మోహగ్రస్తయని నిందింపరాదు. బిడ్డ నా సొత్తని పట్టుపట్టుట మోహము. స్వామి ఇచ్చిన బిడ్డ, ఉన్నన్నాళ్లు నా ఒడిలో ఉండెనని తలచి చేతులు జోడించుట భక్తి. కన్నీరు రెండింటను ఒక్కటే.

ఆ తల్లి ఒక్క బొమ్మతోనే ఇల్లు చేరెను. మరుసటి నవమి మొదలుకొని ఏటేట ఊరి పిల్లలకు పానకము, వడపప్పు పంచసాగెను. మొదటి గ్లాసు రెండేండ్ల బాలునికి. పానకపు బిందెను స్వయముగా మోసి తెచ్చినది ఆ మామగారే.

శ్రీ సీతారామచంద్రార్పణమస్తు.