ముదిమిలో దేహపోషణ స్వార్థమా?

డెబ్బది యేండ్లు దాటినవారు తమ దేహమును గూర్చి శ్రద్ధ వహించుట ధర్మమా, లేక అది దేహముపై తీరని మమకారమా? మన ఇండ్లలో పెద్దల నోట రెండు మాటలు తరచుగా వినబడుచుండును. "ఈ వయస్సులో నాకెందుకు నాయనా!" అనునది మొదటిది. "నూరేండ్లు చెక్కుచెదరక బ్రతుకవలెను" అనునది రెండవది. మొదటి మాట పలుకువారు పాలు పెరుగులను మనుమలకు వదలి, మిగిలిన అన్నముతో పూట గడుపుదురు. రెండవ మాట పలుకువారు అంగడిలో కొత్తగా వచ్చిన ప్రతి పుష్టిచూర్ణమును కొని తెత్తురు. పైకి మొదటిది వైరాగ్యముగను, రెండవది ఆశగను కనబడును. ఈ రెండును తప్పుదారులే. ఈ మాట నేను గ్రంథము చూచి చెప్పుట లేదు. రెండు తప్పులను ఒకే కాలమున చేసినవాడనై చెప్పుచున్నాను.

నాలుగేండ్ల క్రిందటి మాట. ఒక ఉదయము శివపూజకు కూర్చుండి ఇష్టలింగమును ఎడమ అరచేత నిలుపుకొంటిని. కన్నులు మూసిన క్షణమున నా చేతిలో ఏమి ఉన్నదో నాకు తెలియకపోయెను. మరల కన్నులు తెరచి చూచినగాని లింగము చేతనే ఉన్నదని నిశ్చయము కలుగలేదు. వ్రేళ్ల కొనలలో తిమ్మిరి కొన్ని నెలలుగా ఉన్నదే. ముసలితనమునకు ఇది సహజమని నేను దానిని లెక్కింపలేదు. ఆనాడు మాత్రము భయము కలిగినది.

అంతకు మూడేండ్ల ముందు నేను పాలు, పెరుగు, మజ్జిగ విడిచితిని. విడువుమని నాకు ఎవ్వరును చెప్పలేదు. జిహ్వను జయించుచున్నానను చిన్న గర్వము తప్ప దానికి వేరొక కారణము లేదు. అదే కాలమున ఒక బంధువు మాట విని, బలము నిచ్చునని చెప్పబడిన చూర్ణమును, మాత్రలను నెలనెలా తెప్పించుకొనుచుంటిని. ఒక్కొక్క డబ్బా ధర రెండువేల రూపాయలకు పైమాటే. నా సహధర్మచారిణి ఒకనాడు, "ఇంటి పెరుగు వద్దందురు, అంగడి పొడి కావలెనందురు. ఇదెక్కడి వైరాగ్యమండీ?" అనెను. నేను నవ్వి ఊరకుంటిని. ఆమె నవ్వలేదు.

వైద్యుడు నా చేతులను, పాదములను పరీక్షించి, రక్తపరీక్ష చేయించి, బి12 అను విటమిన్ నా దేహములో మిక్కిలి తగ్గినదని చెప్పెను. ఈ బి12 మొక్కలలో పుట్టునది కాదు. మాంసాహారము లేనివారికి అది ముఖ్యముగా పాలు, పెరుగు, మజ్జిగల వలననే లభింపవలెను. వయస్సు మీరినకొలది చాలామందికి జీర్ణాశయములో ఆమ్లము తగ్గి, తిన్న ఆహారము నుండి బి12 విడివడి రక్తములో చేరుటయు తగ్గును. మధుమేహమునకు ఏండ్ల తరబడి మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడువారిలో ఈ లోపము మరింత సులభముగా వచ్చును. పుట్టుకతో శాకాహారులమైన మనవారిలో వృద్ధులు ఈ సంగతిని తప్పక తెలిసికొనవలెను.

నేను అమాయకముగా, "అయ్యా, ఇంత ఖరీదైన బలపు మందు వాడుచున్నాను గదా!" అంటిని. వైద్యుడు ఆ డబ్బా తెప్పించి చూచెను. అందులో ఫోలిక్ ఆమ్లము మెండుగా ఉన్నది, బి12 నామమాత్రముగా ఉన్నది. ఫోలిక్ ఆమ్లము ఎక్కువైనచో బి12 లోపము వలన కలుగు రక్తహీనత పైకి కనబడకుండ పోవచ్చును. కాని లోపల నరములకు జరుగు హాని ఆగదు. "మీ రక్తము బాగున్నట్లే కనబడుచున్నది, నరములు బాగుగా లేవు" అని ఆయన చెప్పినప్పుడు నాకు మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు జ్ఞప్తికి వచ్చిరి. 1940ల నడుమ అమెరికాలో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిన పరిశోధక బృందమునకు మార్గదర్శి ఆయనయే. ఎందరినో బ్రతికించిన ఆ దివ్యౌషధమే, అవసరమెరుగక మ్రింగిన నాకు కన్నులకు గంతయైనది. దోషము ఔషధమునది కాదు, అడుగక తెలియక మ్రింగిన నాది.

ఈ అనుభవము తరువాత పుష్టిమాత్రలను గూర్చి కొంత చదివితిని. ఫిన్లండు దేశమున ఇరువదితొమ్మిదివేలమందికి పైగా పొగత్రాగు పురుషులపై జరిగిన పరిశోధన ఫలితములు 1994లో వెలువడినవి. మేలు చేయునని ఇచ్చిన బీటా కెరోటిన్ మాత్రల వలన వారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గకపోగా 18 శాతము పెరిగెను. అమెరికాలో 25,871 మందిపై జరిగిన మరియొక పరిశోధన 2018లో వెల్లడియైనది. లోపము ఉన్నదో లేదో చూడకయే అందరికి విటమిన్ డి ఇచ్చినందువలన క్యాన్సరుగాని గుండెజబ్బుగాని తగ్గలేదని తేలినది. కావున లోపమున్నవానికి మాత్ర ఔషధము. లోపము లేనివానికి అది వ్యయము, ఒక్కొక్కప్పుడు అపాయము కూడ. మాత్రలన్నియు వృథా అనుట ఎంత తప్పో, మాత్రలే ఆయువనుట అంతే తప్పు. నాకు బి12 సూదిమందు అవసరమైనది, తీసికొంటిని. దానికి నేను సిగ్గుపడలేదు.

కూనూరులో 1918లో మెక్‌కారిసన్ ప్రారంభించిన చిన్న పరిశోధనశాల 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా వెలుగొందుచున్నది. ఆ సంస్థ 2024లో ప్రకటించిన 17 ఆహారసూత్రములు చదివినచో, మన అవ్వల వంటయింటిలోనికి తిరిగి వచ్చినట్లుండును. పలువిధములైన ధాన్యములు, పప్పులు, ఆకుకూరలు, పండ్లు తినుడు, ఉప్పు తగ్గించుడు, ప్రోటీన్ పొడులకు దూరముగా ఉండుడు అని అవి చెప్పుచున్నవి. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల సున్నము కలదు. రాయలసీమ రాగిసంగటిని పేదవాని తిండియని నవ్వినవారు ఎముకల బలమునకు సీసాలు కొనుచున్నారు. పప్పులో నిమ్మరసము పిండినచో అందలి ఇనుము దేహమునకు మరింత పట్టును. భోజనముతో టీ త్రాగినచో ఆ ఇనుము పట్టుట తగ్గును. ఇవి ఖర్చులేని విద్యలు.

ఆహారమునకు తోడు కదలిక కావలెను. వయస్సుతో కండ కరిగిపోవుట అందరికిని తప్పదు, అరువది దాటిన తరువాత ఆ వేగము పెరుగును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వృద్ధులకు వారమునకు కనీసము 150 నిమిషముల నడకవంటి శ్రమను, రెండు దినములు కండబలమునిచ్చు వ్యాయామమును, తూలిపడకుండ నిలుకడ నిచ్చు అభ్యాసమును వారమునకు మూడు దినములును సూచించెను. చేతులు ఊనక కుర్చీనుండి పదిమార్లు లేచి కూర్చుండుట ఏ చందాయు కట్టనవసరము లేని వ్యాయామము.

ఇంతవరకు చెప్పినది వైద్యము. ఇక ధర్మమునకు వత్తము. దేహమును ఇంతగా చూచుకొనుట స్వార్థము కాదా? కాయకమును, దాసోహమును మనకు నేర్పిన శరణుల జీవితములో దీనికి సమాధానము దొరకును. ఆయదక్కి మారయ్య నేల రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి, వాటితో జంగమారాధన చేయుచుండెడివాడు. ఒకనాడు ఆయన అవసరమునకు మించి తెచ్చెను. భార్య లక్కమ్మ అది చూచి, ఎక్కువైన బియ్యమును అక్కడనే పోసి రమ్మని పంపెను. ఈ కథను మనము ఆశకు మందుగా చెప్పుకొందుము. అది నిజమే. కాని దానికి మరియొక ముఖము కలదు. ఎక్కువైన గింజలను తిరిగి పంపిన ఆ లక్కమ్మయే, చాలినన్ని గింజలను వండి వడ్డించెను. చాలినంత తెచ్చుకొనుట ఆశ కాదు. అది లేనిచో కాయకము సాగదు, దాసోహము జరుగదు.

దేహవిషయమునను ఇదియే కొలత. నేను తినునది, కొనునది ఇంటిలో మరియొకరి వంతును తగ్గించుచున్నదా? అది నన్ను పనికి, పూజకు, పదిమందిలోనికి తిరిగి తెచ్చుచున్నదా, లేక నాలోనికే నన్ను ముడుచుచున్నదా? ఈ రెండు ప్రశ్నలు వేసికొన్నచో ఏది పోషణయో ఏది మమకారమో తెలియును. ఆంధ్రప్రదేశములో వృద్ధాప్యపు పింఛను 2024 జూలై నుండి నెలకు 4,000 రూపాయలు. అందులో సగము అక్కరలేని డబ్బాకు పోసినవాడు ఎవరి వంతు కాజేసినట్లు? మొదట తన వంతునే. ఆ సొమ్ముతో నెలపొడుగున పాలు, పప్పు, పండు వచ్చును.

అట్లే, విడిచిపెట్టుటలోను పరుల వంతు కలదు. "నాకెందుకు" అని తినక పడిపోయిన వృద్ధుని మోయవలసినవారు కోడండ్రు, కొడుకులే. తన నిర్లక్ష్యమునకు త్యాగమని పేరుపెట్టి, దాని భారమును పరుల తలపై నుంచుట దాసోహము కాజాలదు.

మరియొక మాట చెప్పక ముగింపరాదు. మన ఇండ్లలో "నాకెందుకు" అను మాటను స్త్రీలు ఏండ్ల తరబడి, ఎవ్వరును అడుగకయే అభ్యసించియుందురు. అందరును తిన్న తరువాత, అడుగంటిన పప్పుతో, పులిసిన మజ్జిగతో భోజనము ముగించు తల్లి తన లోపమును ఎవ్వరికిని చెప్పదు. స్త్రీపురుషులకు ఆధ్యాత్మికమున సమాన స్థానమిచ్చిన బసవేశ్వరుని పేరు చెప్పుకొను మనము, విస్తరి ముందు ఆ సమానతను మరచుట తగునా? నా రక్తపరీక్ష జరిగిన నెలకుగాని నా సహధర్మచారిణికి కూడ ఆ పరీక్ష చేయింపవలెనను బుద్ధి నాకు పుట్టలేదు. ఆమెకు బి12తోపాటు ఇనుమును తక్కువగనే ఉన్నది. ఆమె పాలు విడువలేదు. ఆమె వంతునకు అవి మిగులలేదు, అంతే. నా గర్వమునకు నాకు కలిగిన పశ్చాత్తాపముకంటె ఈ సంగతి నన్ను ఎక్కువగా బాధించినది.

ఇప్పుడు మేమిద్దరమును ఒకేసారి కూర్చుండి భుజించుచున్నాము. రాత్రి జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, గిన్నెడు పెరుగు. చూర్ణపు డబ్బాలు తెప్పించుట మానితిమి. వైద్యుడు చెప్పిన మాత్రను మాత్రము తప్పక వాడుచున్నాము. నా వ్రేళ్లకు స్పర్శ చాలవరకు తిరిగి వచ్చినది, పూర్తిగా రాలేదు. ఆలస్యము చేసినందులకు అది మిగిలిన గురుతు. ఎన్నేండ్లు బ్రతుకుదుమో మా చేతిలో లేదు. ఉదయమున అరచేత నిలిపిన లింగపు బరువు కన్నులు మూసినను నాకు తెలియుచున్నది. పాఠకులలో పెద్దలు నేడే తమ ఇంటిలో కడపట భుజించువారు ఎవరో, వారి గిన్నెలో ఏమి మిగిలినదో ఒకసారి చూచెదరుగాక.