పాలకుని విశ్వాసము: కాడియా, కర్రయా?

తపతీ నదీతీరమందలి సూరత్ పట్టణము తెలుగువారికి క్రొత్తది కాదు. తెలంగాణ జిల్లాల నుండి వెళ్లి అచ్చట మరమగ్గములపై జీవించు నేత కుటుంబములు అనేకములు కలవు. ఆ పట్టణ ప్రజలు 1957 మొదలు 1977 వరకు ఐదు ఎన్నికలలో మొరార్జీ దేశాయిని లోక్‌సభకు పంపిరి. 1977లో ఆయన ప్రధానమంత్రి ఆయెను. ఆయన తన మతనిష్ఠను దాచుకొనినవాడు కాడు. మద్యనిషేధమును పట్టుదలతో సమర్థించెను. మద్యము వలన ఇండ్లు కూలుట చూచిన క్రైస్తవులకు ఆ పట్టుదల హితముగనే తోచును.

అయితే ఆయన పాలనలోనే, 1978లో, జనతా పార్టీ సభ్యుడగు ఓం ప్రకాశ్ త్యాగి మతస్వాతంత్ర్య బిల్లును లోక్‌సభలో ప్రవేశపెట్టెను. బలవంతముచేతను, ప్రలోభముచేతను, మోసముచేతను జరుగు మతమార్పిడులను నిషేధించుట దాని ఉద్దేశమని చెప్పబడెను. అందలి మాటలు మిక్కిలి విశాలమగుటచే సేవాకార్యములును నేరములుగ ఎంచబడునేమోయని క్రైస్తవులు కలత చెందిరి. 1979లో మదర్ థెరిసా ప్రధానికి బహిరంగ లేఖ వ్రాసెను. ఆ యేడు జూలైలో ప్రభుత్వము పడిపోయెను. బిల్లు చట్టము కాలేదు.

ఇచ్చట విశ్వాసి తన్ను తాను పరీక్షించుకొనవలెను. పాలకుని భక్తి తనకు నచ్చిన చట్టము తెచ్చినపుడు దానిని పొగడి, నచ్చనిది తెచ్చినపుడు మాత్రము మతము రాజకీయములలోనికి రాకూడదనుట న్యాయమా? ఒకే సంచిలో రెండు విధముల తూనికరాళ్లు ఉంచుకొనువానిని లేఖనము ఖండించుచున్నది.

విశ్వాసమును చెప్పులవలె గుమ్మము వెలుపల విడిచి శాసనసభలోనికి పోవుట నిజమైన భక్తునికి సాధ్యము కాదు. అది అతనితో కూడ వచ్చును. వచ్చి ఎవరి మెడమీద కూర్చుండుననునదే ప్రశ్న. నెహెమ్యా అధికారిగా నుండిన పండ్రెండు సంవత్సరములు తనకు రావలసిన భత్యమును ముట్టలేదు. దేవుని భయమే దానికి కారణము. అతని భక్తి మొదట అతని చేతినే కట్టెను. పేదవాని భారమును తగ్గించెను.

అతడే విశ్రాంతి దినమున యెరూషలేము గుమ్మములు మూయించెను గదాయని కొందరందురు. నిజమే. అయితే ఆ జనులు ఒకే నిబంధనకు లోబడుదుమని ప్రమాణము చేసినవారు. భారతదేశము అనేక మతములవారి ఉమ్మడి గృహము. రాజ్యాంగపు 25వ అధికరణము మనస్సాక్షి స్వాతంత్ర్యమును అందరికిని సమానముగ ఇచ్చుచున్నది. కావున మద్యనిషేధమును కోరు క్రైస్తవ నాయకుడైనను తన మతాజ్ఞను చూపిన చాలదు. కూలివాని వేతనము ఎచ్చటికి పోవుచున్నదో, అతని బిడ్డలు ఏల పస్తుండుచున్నారో చూపవలెను. ఆ మాటను ఏ మతస్థుడైనను తూచి చూడగలడు.

విశ్వాసము పాలకునికి కాడియైనచో దేశమునకు మేలు. పొరుగువానిపై ఎత్తిన కర్రయైనచో అది దేవుని నామమునకే అవమానము. అధికారము రేపు అన్యమతస్థుని చేతికి వచ్చినపుడు క్రైస్తవుడు ఏ న్యాయమును కోరునో, తన చేత అధికారమున్న నేడు దానినే అతనికి చేయవలెను. అట్టి పాలకులను దేవుడు దయచేయునట్లు సంఘము ప్రార్థించును గాక.