రెండు సెంటీమీటర్ల అహం

సైకిల్ హ్యాండిల్ నేనే ఇంట్లో విప్పి మార్చుకున్నానని కనిపించినవాళ్లందరికీ చెప్పుకున్నాను. ఎవరి పని వాళ్లు చేసుకోవాలనీ, చదువుకున్నవాడి చేతికి అప్పుడప్పుడూ గ్రీజు అంటాలనీ పెద్ద మాటలు కూడా కలిపాను. అవి అబద్ధాలు కావు. కానీ నేను పానా పట్టింది వాటి కోసం కాదు.

ఢిల్లీలో మా మయూర్ విహార్ ఫేజ్ వన్‌లో, సొసైటీ గేటు దాటాక చెట్టు కింద ఒక సైకిల్ మిస్త్రీ కూర్చుంటాడు. ఓ రోజు గాలి కొట్టించుకుంటుంటే నన్నూ సైకిల్‌నీ ఎగాదిగా చూసి, "అంకుల్‌జీ, హ్యాండిల్ కాస్త ఎత్తించుకోండి, నడుముకు సుఖంగా ఉంటుంది" అన్నాడు హిందీలో. నవ్వి ఊరుకున్నాను. ఇంటికి వచ్చేదాకా లోపల ఉడుకుతూనే ఉంది.

అతనన్నది నిజం. నిజాముద్దీన్ వంతెన దాకా తొక్కి వచ్చేసరికి నడుము పట్టేస్తోంది, అరచేతులు తిమ్మిరెక్కుతున్నాయి. ముందుకు బాగా వంగి తొక్కే సైకిల్ నాది. కొన్నప్పుడు ఆ వంపు చూసే ముచ్చటపడ్డాను. అలా వంగి తొక్కే కుర్రాళ్లు ఎక్స్‌ప్రెస్‌వే పక్కన దూసుకుపోతుంటే నేనూ వాళ్ల జట్టులోవాడినే అనుకునేవాడిని. హ్యాండిల్ ఎత్తడమంటే ఆ జట్టు నుంచి పేరు కొట్టేయించుకోవడమే.

కోపం 'అంకుల్‌జీ' అన్నందుకు అనుకున్నాను మొదట. ఢిల్లీలో చెవుల దగ్గర నాలుగు తెల్ల వెంట్రుకలు కనిపిస్తే ఎవరైనా అంకుల్‌జీయే, అందులో అవమానమేమీ లేదు. ఇంకాస్త తవ్వితే బయటపడింది అంత అందంగా లేదు. అదే మాట ఫీజు పుచ్చుకుని ఎముకల డాక్టరు చెప్పి ఉంటే బుద్ధిగా తలూపేవాడిని, చీటీ దాచుకునేవాడిని. చెప్పింది చెట్టు కింద మనిషి. నా ఒంటి సంగతి నాకంటే ముందు అతను కనిపెట్టడం నాకు నచ్చలేదు. నన్ను నేను సమానత్వం తెలిసిన మనిషిగా లెక్కేసుకుంటాను. ఆ లెక్క ఎక్కడ తప్పుతుందో గాలి పంపు దగ్గర తెలిసింది.

"అతనికే ఇస్తే పోయేదిగా, పది నిమిషాల పని. దీనికింత హడావుడి ఎందుకండీ?" అంది మా ఆవిడ. కాస్త గట్టిగానే కసురుకున్నాను. అతనికి ఇలాంటి సైకిళ్ల సంగతి తెలియదనీ, దేన్నైనా సుత్తితో కొడతాడనీ అన్నాను.

ఆ సుత్తి విషయంలో నా చులకన ఎంత గుడ్డిదో తర్వాత చదివి తెలుసుకున్నాను. అతని దగ్గరికి ఎక్కువగా వచ్చేవి నల్లటి పాతకాలం సైకిళ్లు: పాలవాళ్లవి, కాపలావాళ్లవి, యమున ఒడ్డు ఖాదర్ పొలాల నుంచి కూరగాయలు తెచ్చేవాళ్లవి. ఇక్కడికి దగ్గర్లోని సాహిబాబాద్‌లో అట్లాస్ సైకిళ్ల కర్మాగారం 2020 జూన్ 3న, ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే, ఆగిపోయింది. ఆ బళ్లు మాత్రం ఇంకా రోడ్ల మీద తిరుగుతూనే ఉన్నాయి. వాటి హ్యాండిల్ కాడ ఫోర్కు గొట్టంలోకి దిగి ఉంటుంది. కాడ అడుగున ఒక ముక్క, పైనుంచి వచ్చే పొడవాటి బోల్టు బిగించినకొద్దీ గొట్టం లోపలి గోడకు ఒత్తుకుని పట్టేస్తుంది. బోల్టు నాలుగు చుట్లు వదులు చేసినంత మాత్రాన కాడ రాదు. బోల్టు తల మీద చెక్క పెట్టి సుత్తితో ఒక దెబ్బ వేస్తేనే ఆ ముక్క పట్టు వదులుతుంది. పుస్తకాల్లోని పద్ధతీ అదే. నేను మొరటుతనం అనుకున్నది పనితనం.

అది తెలిశాకైనా అతని దగ్గరికి వెళ్లానా? లేదు. బ్లూ లైన్ మెట్రో ఎక్కి ఝండేవాలాన్ సైకిల్ మార్కెట్‌కు వెళ్లాను. కాస్త పైకి లేచిన హ్యాండిల్, అలెన్ కీల సెట్టు, బిగువు కొలిచే టార్క్ రెంచ్ కొన్నాను. రెంచ్ ఖరీదు హ్యాండిల్ కంటే ఎక్కువ. అడగ్గానే దుకాణంలో కుర్రాడు నన్ను కొంచెం గౌరవంగా చూశాడు. ఆ చూపుకే సగం డబ్బిచ్చానేమో.

పని మాత్రం బాగుంది, ఒప్పుకోవాలి. నా సైకిల్‌ది 1990ల నుంచి వాడుకలోకి వచ్చిన, ఫోర్కు గొట్టానికి మరలు లేని రకం. పైన నడినెత్తిన ఉండే బోల్టే అన్నిటినీ పట్టి ఉంచుతోందనిపిస్తుంది. అది చేసేదల్లా బేరింగుల్లో వదులు తీయడం. స్టెమ్‌ను, అంటే హ్యాండిల్ కాడను, ఫోర్కుకు పట్టి ఉంచేవి పక్కనున్న రెండు చిన్న బోల్టులు. అందుకే బిగించేటప్పుడు ముందు పైది, చక్రానికి సూటిగా సరిచూసుకున్నాక పక్కవి. స్టెమ్ బయటికి తీశాక సైకిల్ ఎత్తితే ఫోర్కు కిందికి జారిపోతుంది, చేత్తో పట్టుకోవాలి. హ్యాండిల్‌ను పట్టే చోట వ్యాసం 31.8 మిల్లీమీటర్లా, 25.4 మిల్లీమీటర్లా అన్నది కొనకముందే చూసుకోవాలి. స్టెమ్ ముందు పలక నాలుగు బోల్టులు మూలకు మూల, కొంచెం కొంచెంగా, సందులు సమానంగా ఉండేలా బిగించాలి. ఎంత బిగువన్నది స్టెమ్ మీదే రాసి ఉంటుంది. నా స్టెమ్ మీద 5 న్యూటన్ మీటర్లు.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. కిందికి ఏటవాలుగా ఉండే స్టెమ్‌ను తలకిందులుగా తిప్పి బిగిస్తే చాలు, సుమారు రెండు సెంటీమీటర్ల ఎత్తు రావచ్చు. పైసా ఖర్చు లేదు. చెట్టు కింద మనిషి అలాగే చేసేవాడేమో!

బాల్కనీ తలుపు మూసుకుని, పాత పేపర్లు పరచి ఇదంతా చేశాను. గ్రీజు మరకలు పడకుండా అని చెప్పాను. మూసింది ఎదురింటి బాల్కనీ కోసం. నేను హ్యాండిల్ ఎత్తుకుంటున్నట్టు ఎవరూ చూడకూడదు.

ఉద్దేశం ఏదైతేనేం, బోల్టులు సరిగ్గా బిగిశాయిగా అనీ అనుకున్నాను. ఇనుముకు నా మనసుతో పనేముంది? కొన్నాళ్లు ఈ వాదన హాయిగానే ఉంది. తర్వాత హ్యాండిల్ మీద బరువు పడ్డప్పుడల్లా టిక్కుమని చప్పుడు మొదలైంది. అప్పుడు తెలిసింది ఉద్దేశం ఎక్కడ అడ్డొస్తుందో. సరదా కోసం చేసుకున్నవాడైతే వెంటనే వెళ్లి అడిగేవాడు. నేను దాక్కోవడానికి చేసుకున్నాను కాబట్టి, అడగడమంటే దొరికిపోవడం. హ్యాండిల్ ఊడితే ముఖం రోడ్డుకు తగులుతుందని తెలిసి కూడా వెనకాడాను. పిరికితనాన్ని ఇన్నాళ్లూ పౌరుషం అనుకున్నానా?

చివరికి అడిగాను, కానీ సైకిల్ ఇంట్లో వదిలి నడిచి వెళ్లి. మా ఫ్రెండ్ సైకిల్‌కు ఇలా చప్పుడొస్తోందన్నాను. అతను చేస్తున్న పని ఆపలేదు. "హ్యాండిల్ విప్పి, పట్టే చోట శుభ్రంగా తుడిచి, పల్చగా గ్రీజు రాసి మళ్లీ బిగించమనండి. తర్వాత ముందు బ్రేకు పట్టి సైకిల్ ముందుకీ వెనక్కీ ఊపి చూడమనండి, వదులు ఉంటే చేతికి తెలుస్తుంది" అన్నాడు. నేను కదలబోతుంటే, "ఆ ఫ్రెండ్‌ను ఒకసారి తీసుకురండి అంకుల్‌జీ, సీటు ఎత్తు కూడా చూస్తాను" అన్నాడు.

అతను చెప్పినట్టే చేశాను. చప్పుడు పోయింది. ఆ ఫ్రెండ్‌ను మాత్రం ఇంకా తీసుకెళ్లలేదు.