సీతమ్మ సిఫారసు

భద్రాచలం గర్భగుడిలో సీతమ్మ రాముడి పక్కన నిలబడి ఉండదు. ఆయన ఎడమ తొడ మీద కూర్చుని ఉంటుంది. చెవికి అంత దగ్గరగా ఉన్న ఇల్లాలిని చూసే కాబోలు, పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్న గోల్కొండ చెరసాల నుంచి తన మొర ఆవిడకి చెప్పుకున్నాడంటారు. అదీ ఎప్పుడు పడితే అప్పుడు కాదు, ఇద్దరూ ఏకాంతంగా ఉన్న వేళ చూసి చెప్పమన్నాడు. 17వ శతాబ్దపు తహసీల్దారుకి కూడా తెలుసన్నమాట, మాటకో వేళ ఉంటుందని!

మరి మన ఇళ్ళల్లో?

"మీ నాన్నగారిని భోజనానికి రమ్మను" అంటుంది అమ్మ. "ఆకల్లేదని చెప్పు" అంటాడు నాన్న. మధ్యలో ఏడేళ్ళ పిల్ల పోస్ట్‌మాన్! దేవుడికి ఆయన భార్య చేత గోపన్న కబురు పెట్టాడంటే అర్థముంది. సొంత మొగుడికి భార్య కబురు పెట్టాల్సి రావడమేమిటండీ?

ఆ పిల్ల మాటల్ని మోస్తుంది గానీ వాటి వెనకున్న దిగులుని మోయలేదు. "ఆకల్లేదు" వెనక ఆఫీసులో తిన్న చివాట్లు ఉండొచ్చు. "రమ్మను" వెనక పొద్దుట్నుంచీ పలకరింపు లేని ఒంటరితనం ఉండొచ్చు. పైగా పిల్ల నేర్చుకునేదేమిటి? కోపమొస్తే మనిషితో మాట్లాడకూడదని. రేపు తన కాపురంలోనూ అదే చేస్తుంది.

అలాగని ఆయన గుమ్మంలో చెప్పులేసుకుంటుంటే చిట్టా విప్పమని కాదు. ఆవిడ నోరు విప్పగానే ఆయన సెల్‌ఫోన్ అందుకుంటే ఎంత మంచి వేళైనా వృథాయే. గోపన్న నమ్మినవి రెండు: ఆవిడ చెబుతుందనీ, ఆయన వింటాడనీ. రెండో నమ్మకం లేని ఇంట్లో మొదటిది ఎన్నాళ్ళు బతుకుతుంది?