వడ్రంగము విద్య కాదా?

మానవులందఱు నొక్క తండ్రి బిడ్డలని ప్రార్థనామందిరములో నెలుగెత్తి పలుకుచున్న మనము, మన యింటి బాలుడు "నేను వడ్రంగము నేర్చుకొందును" అనిన నేమందుము? ఈ ప్రశ్నమును మే మితరులకు వేయుట లేదు. మాకు మేమే వేసికొనుచున్నాము.

హైదరాబాదునకు పడమట కొండాపూరు ప్రాంతమున మేడ ప్రక్క మేడ లేచుచున్నది. అద్దాల కార్యాలయములలో కంప్యూటర్ల ముందు కూర్చుండు యువకులను జూచి మనము గర్వించుచున్నాము. ఆ చేరువనే, ఇజ్జత్‌నగరున, 1998వ సంవత్సరమున స్థాపింపబడిన జాతీయ నిర్మాణ అకాడమీ గలదు. జనులు దానిని న్యాక్ అందురు. తాపీపని, వడ్రంగము, ఇనుపకడ్డీలు వంచి కట్టుట, కరెంటు తీగెలు వేయుట, నీటిగొట్టము లమర్చుట మున్నగువాని నచట నేర్పుదురు. ఇజ్జతనగా గౌరవము. ఊరిపేరులో నున్న గౌరవము మన మనస్సులలో లేకపోవుటయే విచారము.

బాడితయు రంపమును బట్టుట యొక విద్యయా యని నవ్వువారు, కట్టుచున్న యే మేడ యొద్దనైన నొకపూట నిలిచి చూడవలెను. పచ్చి కాంక్రీటు గట్టిపడువఱకు దాని బరువంతయు మోయునది వడ్రంగి కట్టిన అచ్చును, దాని క్రింది యూతలును. అవి సరిగా నిలువకున్నను, గడువునకు ముందే తీసివేసినను కప్పు క్రుంగును, ఒక్కొక్కయెడ కూలును. దాని క్రింద పడువాడు గుత్తదారు కాడు, ఇల్లు కొన్నవాడును కాడు. పొట్టకూటికై పాలమూరునుండియో ఒడిషానుండియో వచ్చిన కూలివాడు. పరుల ప్రాణము చేతిలో నుంచుకొన్నవాడు పని నేర్వకుండుట దోషమైనచో, నేర్పింపకయే పనిలో దింపువాని దోష మెట్టిది? పాలరాతి వన్నె నడిగి, పనివాని శిక్షణ మాట యడుగని మనదో?

పూర్వము మన పల్లెలలో నీ విద్య కులమును బట్టి వచ్చెడిది. ఆ కులమున బుట్టనివానికి తలుపు మూసియుండెను. పుట్టినవానికి వెలుపలికి దారి లేకుండెను. శిక్షణాలయ మా తలుపు తెఱచినది. జాతిభేదమును నిరసించు మనము దీనికి సంతసింపవలదా? కాని తండ్రి ప్రక్క నేండ్ల తరబడి కూర్చుండి నేర్చిన చేతివాటము కొలది మాసముల శిక్షణలో రాదు. ఆ కొఱత పనిచోట మేస్త్రీయొద్ద తీఱవలెను. తక్కువకూలికి దొరకువానినే వెదకు గుత్తదారు దానికి వ్యవధి యీయడు.

బ్రాహ్మకుటుంబమున బెరిగిన రవీంద్రనాథుడు 1922వ సంవత్సరమున శ్రీనికేతనమును నెలకొల్పి చేతిపనులకు విద్యలో పీట వేసెను. మనము ఆయన గీతములను మాత్రము గ్రహించితిమి.

పెద్ద కట్టడముల వ్యయముపై కార్మికుల సంక్షేమమునకై సుంకము వసూలగుచున్నది. మంచిదే. సుంకముతో ధనఋణము తీఱునేమో గాని, సరసన కూర్చుండబెట్టుకొనవలసిన ఋణము తీఱునా?

మాలో నొకరి కుమారునికి ఇంజనీరింగులో సీటు దొరకలేదు. మేమందఱము గూడి గంటసేపు యోచించి, దూరదేశపు కళాశాలలనుగూడ పేర్కొంటిమి. ఇజ్జత్‌నగరు పేరు మా యెవ్వరి నోటను రాలేదు. ఆ బాలుడు చిన్ననాటినుండి కొయ్యబొమ్మలు చెక్కుచుండెడివాడని మాకందఱకు దెలియును.