ఉరిశిక్ష గురించి సత్యవంతుడు ఏమన్నాడు?

సత్యవంతుడు అనగానే మనకి ముందు సావిత్రి గుర్తొస్తుంది. యముడి వెంట నడిచి భర్త ప్రాణాలు వెనక్కి తెచ్చుకున్న కథ చిన్నప్పటి నుంచీ వింటున్నదే. అదే సత్యవంతుడు శాంతిపర్వంలో ఇంకోచోట కనిపిస్తాడు. అక్కడ ఆయన తండ్రితో వాదనకి దిగుతాడు. ఎవరికీ హాని చేయకుండా రాజు ప్రజల్ని ఎలా కాపాడాలి అని ధర్మరాజు అడిగితే, జవాబుగా భీష్ముడు చెప్పిన సంవాదం ఇది.

ద్యుమత్సేన మహారాజు ఆజ్ఞ మీద కొందరిని వధించడానికి తీసుకెళ్తున్నారు. సత్యవంతుడు అడ్డుపడి, ఒక్కోసారి ధర్మం అధర్మంలా, అధర్మం ధర్మంలా కనిపించొచ్చు గానీ వధ మాత్రం ఎప్పటికీ ధర్మం కాదంటాడు. తండ్రి ఒప్పుకోడు. దొంగల్ని చంపకపోతే అంతా కలగాపులగం అయిపోతుంది, నీ సొత్తు నాదే అనేవాళ్లు పెరుగుతారు, లోకం నడవదు అంటాడు. దానికి కొడుకు ఇచ్చిన జవాబు చూడండి. రాజు ఒక దొంగని చంపితే ఆ దెబ్బ వాడితో ఆగదట. వాడి భార్య, తల్లి, తండ్రి, కొడుకు, అంటే ఏ తప్పూ చేయనివాళ్లు కూడా చచ్చినవాళ్లతో సమానమేనట. పైగా చెడ్డవాడు ఎప్పుడైనా మంచి నడవడి నేర్చుకోవచ్చు, చెడ్డవాడికి మంచి సంతానం కలగొచ్చు. కాబట్టి వేళ్లతో పెకలించొద్దు అంటాడు. (అవయవాలు తీసే శిక్షల్ని మాత్రం ఆయనా ఒప్పుకున్నాడు. ఆ ముక్క దాచి చెప్పడం నాకిష్టం లేదు.)

నేరశాస్త్రం చదివేవాళ్లు ఈనాటికీ తేల్చని ప్రశ్న ఇదే: అసలు ఎందుకు శిక్షిస్తాం? చేసినదానికి తగిన ఫలం కాబట్టి అని జర్మన్ తత్త్వవేత్త కాంట్ అన్నాడు. ఒక ద్వీపంలో జనమంతా విడిపోయి తలోదారి పట్టినా, వెళ్లేముందు జైల్లో మిగిలిన చివరి హంతకుడికి మరణదండన వేసే వెళ్లాలి అని 1797లోనే రాశాడు. ఇటలీకి చెందిన బెకారియా అంతకు ముందే, 1764లో, జనాన్ని ఆపేది శిక్ష క్రూరత్వం కాదు, అది తప్పదన్న నమ్మకం అని వాదించాడు. సంస్కరణవాదులది మూడో దారి. కాంట్ వాదంలో ఒక గట్టిదనం ఉంది, కాదనను. కానీ ఆ ద్వీపం కథలో హంతకుడి తల్లి ఎక్కడా కనిపించదు.

ఇప్పుడు మన ఆంధ్రప్రదేశ్ కేసు ఒకటి. ఈడిగ అనమ్మ కేసు, సుప్రీంకోర్టు తీర్పు 1974లో వచ్చింది. ఆమె ఒక యువతినీ, ఆ యువతి పసిబిడ్డనీ చంపింది. సెషన్స్ కోర్టు ఉరి వేసింది, హైకోర్టు ఖాయం చేసింది. సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్, జస్టిస్ సర్కారియా దాన్ని యావజ్జీవంగా మార్చారు. నేరం ఘోరం కాదని వాళ్లు అనలేదు. ఆమె వయసు చిన్నది, అత్తవారింటి నుంచి గెంటేయబడింది, ఒక చిన్న కొడుకు ఉన్నాడు, రెండేళ్లకు పైగా ఉరి భయంతో సెల్‌లో గడిపింది. విడివిడిగా ఏ ఒక్కటీ సరిపోదు, అన్నీ కలిపితే ప్రాణం నిలబెట్టే వైపు మొగ్గుతాయి అన్నారు. సత్యవంతుడి జాబితాలోని ‘కొడుకు’ ఇక్కడ తీర్పులోకే వచ్చేశాడు.

అదే ఏడాది ఏప్రిల్ 1 నుంచి కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ అమల్లోకి వచ్చింది. 1955 దాకా హత్య కేసులో ఉరి వేయకపోతే జడ్జి కారణం రాయాలి. కొత్త కోడ్ ప్రకారం ఉరి వేస్తేనే ప్రత్యేక కారణాలు రాయాలి. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి తెలుసు, డిఫాల్ట్ ఏం పెట్టామన్నదే సగం నిర్ణయం. ఎవరూ ఏమీ ఆలోచించని రోజున సిస్టమ్ ఆ డిఫాల్ట్ ప్రకారమే నడుస్తుంది. పాత చట్టం డిఫాల్ట్ చావు, కొత్తదాని డిఫాల్ట్ బతుకు. 1980లో బచన్ సింగ్ తీర్పు ‘అత్యంత అరుదైన కేసుల్లోనే’ అన్న గీత గీసింది. మెజారిటీ తీర్పు రాసింది మళ్లీ సర్కారియాగారే. ఆయన ఉరిని రద్దు చేయలేదు, రాజ్యాంగబద్ధమే అన్నారు.

మీలో చాలామందికి ఈపాటికి ఒక ప్రశ్న వచ్చి ఉంటుంది: మరి చనిపోయిన ఆ పసిబిడ్డ మాటేమిటి? నిజమే. వాళ్లింట్లో కూడా తల్లీ తండ్రీ ఉంటారు కదా. సత్యవంతుడి దగ్గర దీనికి పూర్తి జవాబు లేదనే నాకనిపిస్తుంది. ఆయన ఇచ్చింది సగం జవాబు. పురోహితుడి ముందు ‘ఇంకెప్పుడూ చేయం’ అని ఒప్పుకుంటే వదలొచ్చు, మళ్లీ మళ్లీ చేస్తే మొదటిసారిలా వదలకూడదు అన్నాడు. పోయిన ప్రాణానికి ఇది సరితూగదు. కానీ ఇంకో ప్రాణం తీస్తే సరితూగుతుందా అంటే, అదీ లేదు. ద్యుమత్సేనుడే ఒక మాట ఒప్పుకున్నాడు. ఒకప్పుడు ఛీ అంటే చాలేది, తర్వాత గట్టిగా తిట్టాల్సి వచ్చింది, తర్వాత జరిమానా, ఇప్పుడు వధ. అయినా చంపినా కూడా అదుపులోకి రానివాళ్లు ఉన్నారని! అందుకే నేను కొడుకు వైపే ఉంటాను. దోషిని జైల్లో పెట్టి మిగతావాళ్లని కాపాడటం సాధ్యమైన చోట, చంపాలి అనేవాళ్లే కారణం చూపించాలి.

ఆ కారణం వెతికే పని ఈమధ్య కొంత పద్ధతిగా మారింది. 2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు ఏమందంటే, దోషి గురించిన వివరాలు విచారణ దశలోనే సేకరించాలి, ప్రభుత్వం కూడా తెచ్చి ఇవ్వాలి. మానసిక స్థితి మీద నివేదిక, జైల్లో నడవడి, చదువు, సంపాదన, పెరిగిన ఇల్లు. ఆ వరుసలో ఇవి కూడా ఉన్నాయి: ఇప్పుడు ఇంట్లో ఎవరెవరు మిగిలారు, పెళ్లయిందా, పిల్లలున్నారా.